రాత్రిపూట ఇంటికొచ్చి వేలి రక్తం తీస్తామంటున్నారు, ఇవ్వాలా?

ఇవ్వండి. అది బోదకాలు జబ్బు కోసం చేసే రక్త పరీక్ష, ఇంట్లో అందరూ ఇవ్వండి. "మా నాన్నకు ఏ జబ్బూ లేదు, ఆయన్ని నిద్ర లేపడం ఎందుకు" అని మీ ప్రశ్నలో రాశారే, ఆ మాట చూసే ఈ జవాబు రాస్తున్నా. మా చిన్నాయన కూడా అచ్చం అదే అన్నాడు.

మాది కోవూరు దగ్గర పల్లె. నేను డిగ్రీలో ఉండగా బోదకాలు సర్వే అని రాత్రి తొమ్మిదిన్నర దాటాక ల్యాబ్ టెక్నీషియన్, ఆశా అక్క వచ్చారు. ఆ టైంకి కరెంటు పోయింది, నేనే సెల్‌ఫోన్ లైటు పట్టుకుని వాళ్ళతో ఇంటింటికీ తిరిగాను. మా అవ్వకు ఇరవై ఏళ్ళుగా ఎడమకాలు వాపు, అందుకని ముందు ఆమెనే చూపించాం. పాపం, లేచి కూర్చుని వేలు చాపింది. చిన్నాయన మాత్రం మడికి నీళ్ళు కట్టొచ్చి పడుకున్నాడు. "నా కాళ్ళు చూడు, స్తంభాల్లా ఉండాయి, నాకెందుకురా సూదులు" అని అటు తిరిగాడు. ఆశా అక్క వదల్లేదు. "అన్నా, కాలు వాచినోళ్ళ కోసమే కాదు మేమొచ్చింది, బాగుండేవాళ్ళ కోసం కూడా" అంది. ఆయన నిద్రమత్తులోనే చెయ్యి మంచం పక్కకి వేలాడేశాడు.

అవ్వ రక్తం పూసిన గాజు స్లైడులో ఏమీ లేదు. చిన్నాయన స్లైడులో బోదకాలు తెచ్చే పురుగు పిల్లలు దొరికాయి.

మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. కానీ ఈ జబ్బు తీరే అంత. కాలు వాచేసరికి చాలామందికి రక్తంలో పురుగు పిల్లలు కనపడవు, పైకి ఏమీ లేనివాళ్ళ రక్తంలో ఏళ్ళ తరబడి తిరుగుతుంటాయి, వాళ్ళను కుట్టిన దోమే పక్కింటికి మోసుకెళ్తుంది. చిన్నాయనకు పన్నెండు రోజులు ఆ పురుగు పిల్లలను చంపే డీఈసీ మాత్రలు ఇచ్చారు. ఆ రాత్రి ఆయన్ని వదిలేసి ఉంటే మా పిల్లల గతేంటి అని నాకు ఇప్పటికీ గుండె దడగా ఉంటుంది.

పగలు ఎందుకు రారంటే, ఆ పురుగు పిల్లలు పగలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుని, దోమలు కుట్టే రాత్రివేళకి చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. దోమ ఈ పురుగును మనిషి నుంచి తీసుకుంటుందని 1877లోనే చైనాలో ప్యాట్రిక్ మాన్సన్ అనే డాక్టరు కనిపెట్టాడు. పగలే చేసే స్ట్రిప్ టెస్టు కూడా ఉంది, దాన్ని ఎక్కువగా బడిలో ఆరేడేళ్ళ పిల్లలకు చేస్తారు.

ఇంకోటి, ఇది మీ ఒక్కరి పరీక్ష కాదు. నూటికి ఒకరికంటే తక్కువమందిలో పురుగులుంటేనే ఈ జబ్బున్న చోట ఊరందరికీ మింగించే మాత్రలు ఆపే ఆలోచన చేస్తారు. బాగున్నామని అందరూ ముసుగుతన్ని పడుకుంటే ఆ లెక్క ఎట్లా నిజమవుతుంది? మాత్రలు మింగించడానికి వస్తే జేబులో వేసుకుని తర్వాత కాలవలో పారేసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మురుగు కాలవ పూడిక తీయని వాళ్ళ మీద అంతకంటే ఎక్కువ మండుతుంది, ఈ దోమ పుట్టేది ఆ మురుగులోనే కదా.

సర్వే వాళ్ళ మీద కూడా నాకొక కోపముంది. మా ఊరి ఫలితం వాళ్ళంతట వాళ్ళు చెప్పలేదు, నేను రెండుసార్లు ఆసుపత్రికి పోయి అడిగితే తప్ప చిన్నాయన సంగతి తెలియలేదు. కాబట్టి రక్తం ఇచ్చేటప్పుడే మీ ఫోన్ నంబరు రాయించండి, ఫలితం ఎప్పుడొస్తుందో, ఎవరిని అడగాలో కనుక్కోండి. నాన్నగారిని మాత్రం లేపండి.