ఇంటి ముచ్చట్లు: మీరడిగినయ్, నేను చెప్పినయ్

ప్రశ్న: అక్కా, మాది హనుమకొండ. పొద్దుగాల పిల్లల బాక్సుల కోసం పప్పు పెడ్త, రెండో విజిల్‌కే పసుపు నీళ్ళు చిమ్మి స్టవ్, గోడ, ఒక్కోసారి నా నైటీ కూడా ఖరాబైతున్నయ్. మా అత్తమ్మ రబ్బర్ పోయిందంటది, మా ఆయనేమో కొత్త కుక్కర్ కొందామంటడు. ఎవరి మాట వినాలె?

జవాబు: ఇద్దరి మాట వినకు చెల్లె, పైసలు దాచుకో. రబ్బర్ పోతె ఆవిరి మూత పక్కల నుంచి పోతది, విజిల్ సరిగ రాదు. నీకు విజిల్లకెళ్ళే వస్తున్నయంటె అది నురుగు. కందిపప్పు ఉడికేటప్పుడు నురుగు లేస్తది, కుక్కర్ నిండుగ ఉంటె అది పైకి పోక ఎటు పోతది? పప్పు, నీళ్ళు కలిపి సగం దాటొద్దు, కుక్కర్‌తోని వచ్చే పుస్తకంల కూడా అదే ఉంటది, దాన్ని మనమెవ్వరం చదవం అనుకో. అరగంట ముందు నానబెట్టి, ఒక చెంచా నూనె వేసి, మొదటి విజిల్ రాంగనె మంట సిమ్‌ల పెట్టు. ఇంకో ముచ్చట, చల్లారినంక వెయిట్ తీసి మూతను వెలుతురుకు పట్టి ఆ గొట్టంల నుంచి చూడు, అవతలి వెలుగు కనబడకపోతె పుల్లతోని పొడిచి కడుగు, అది మూసుకపోతె గోడ సంగతి దేవుడెరుగు, మనకే ప్రమాదం.

ప్రశ్న: వానలు మొదలైనయంటె మా బాత్రూం తలుపు పట్టుకుంటది, తన్నితె గాని రాదు. కార్పెంటర్ చెక్కేస్త అంటుండు. (కాజీపేట నుంచి ఒక తమ్ముడు)

జవాబు: ఇప్పుడు చెక్కించకు తమ్మీ. కట్టె తేమ పీల్చి ఉబ్బుతది, ఎండకాలంల మళ్ళ సన్నబడ్తది, ఇప్పుడు చెక్కిస్తె ఏప్రిల్‌ల వేలు పట్టేంత సందు. ముందు బందుల స్క్రూలు వదులైనయేమో చూసి బిగించు, సగం తలుపుల రోగం అదే. రాసుకునే కాడ కొవ్వొత్తి బాగ రుద్దు. ఎండలు ముదిరినంక తలుపు కింది అంచుకు, పై అంచుకు పెయింట్ వేయించు, పెయింటర్లు ఆ రెండు అంచులు వదిలేస్తరు, నీళ్ళు అక్కడికెళ్ళే ఎక్కుతయ్.

ప్రశ్న: ఉప్పు డబ్బాల నీళ్ళు ఊరుతున్నయ్.

జవాబు: స్టవ్ పక్కకెళ్ళి జరుపు, అన్నం ఆవిరంతా దానికే తగుల్తుంది. వేయించిన బియ్యం గింజలు నాలుగు వెయ్యి.

ప్రశ్న: అక్కా, నాది సమస్య కాదు. మాది నర్సంపేట. శనివారం సాయంత్రం వాన పడుతుంటె సర్వపిండి పెడ్త, మొదటిది దింపంగనె ఎవ్వర్ని పిలవకుండ వంటింట్ల నిలబడి కరకరలాడే అంచంతా నేనే తింట. తర్వాత పిల్లల మొహం చూస్తె ఎట్లనో అనిపిస్తది.

జవాబు: ఎట్లనో ఎందుకనిపియ్యాలె? పల్లీలు, నానిన శనగపప్పు, నువ్వులు, ఉల్లిగడ్డ, కరివేపాకు వేసి పిండి తడిపి, గంజుల అద్ది, వేలితోని బొక్కలు పొడిచి అండ్ల నూనె పోసి, అడుగు ఎర్రగయ్యేదాక కాపలా ఉన్నది ఎవరు? అసలు తిప్పలేందంటె గంజు కాలుతుంటె రెండోది అద్దరాదు, అది చల్లారేదాక పిల్లలు ఆగరు, లొల్లి అక్కడ మొదలైతది. రెండు గంజులు పెట్టుకో, ఒకటి పొయ్యి మీద ఉండంగ ఇంకోటి అద్దుకోవచ్చు. ఒక్కటే ఉంటె బోర్లించి వెనకకెళ్ళి నీళ్ళు పొయ్యి. రెండోది పిల్లలకు, మూడోది మీ ఆయనకు. మొదటిది ఎప్పుడు సరిగ రాదని చెప్పు, నమ్ముతరు.