మామిడితోటలో పెళ్లికి తక్కువ ఖర్చుతో డ్యాన్స్ ఫ్లోర్: మేం ఎలా వేసుకున్నామంటే

మామిడితోటలో చెల్లెలి పెళ్లి చేస్తున్నామనీ, ముందురోజు సంగీత్‌కు 150 మంది వస్తారనీ, డ్యాన్స్ ఫ్లోర్‌కు ఈవెంట్ వాళ్లు చెప్పిన ధర అందుబాటులో లేదనీ, మట్టినేల మీద చవకగా ఏదైనా వేసుకునే వీలుందా అనీ మీరు అడిగారు. వీలుంది. మూడేళ్ల క్రితం మాఘమాసంలో నూజివీడు దగ్గర మా మేనమామ గారి తోటలో మా చెల్లెలి పెళ్లి చేసినప్పుడు మాకూ ఇదే ఇబ్బంది వచ్చింది. మెరిసే పలకల ఫ్లోర్‌కు ఒక్క రాత్రికి 45,000 రూపాయలు అడిగారు. చివరికి మేం 13,500 రూపాయల్లో 16 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు గల చెక్క ఫ్లోర్ వేయించుకున్నాం. ఆ రాత్రి ఏడేళ్ల పిల్లల దగ్గర నుంచి మా అమ్మమ్మ దాకా అందరూ దాని మీద ఆడారు, ఎవరి కాలూ మడత పడలేదు. ఈ మూడేళ్లలో ధరలు మారి ఉంటాయి కనుక ఈ అంకెలను అంచనాగా మాత్రమే తీసుకోండి.

ముందుగా కొలత సంగతి. 150 మంది వచ్చినంత మాత్రాన 150 మందీ ఒకేసారి ఆడరు. వారిలో మూడోవంతు మంది ఒక సమయంలో ఆడతారనుకుని, మనిషికి 5 చదరపు అడుగుల చొప్పున లెక్కవేస్తే 250 చదరపు అడుగులు సరిపోతాయి. ప్లైవుడ్ షీటు 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉంటుంది కాబట్టి 8 షీట్లకు 256 చదరపు అడుగులు వస్తాయి. ఇంకా పెద్దది వేయాలని మా నాన్నగారు పట్టుబట్టారు కానీ, ఖాళీగా కనిపించే పెద్ద ఫ్లోర్ మీద మొదటి అడుగు వేయడానికి అందరూ మొహమాటపడతారని నచ్చజెప్పి ఆపాం. ఆ నిర్ణయం మంచిదే అయింది.

ఇక నేల. మీరు పెట్టదలచుకున్న డబ్బులో మొదటి భాగాన్ని చెక్క మీద కాకుండా చెక్క కింద పెట్టమని నేను గట్టిగా చెబుతాను. మేం మొదట ఈ విషయం పట్టించుకోలేదు. రెండు వరుసల చెట్ల మధ్య ఉన్న ఎర్రనేల కంటికి చదునుగానే కనిపించింది. పెళ్లికి పది రోజుల ముందు అక్కడ టార్పాలిన్ పరిచి, దాని మీద నాలుగు షీట్లు వేసి, పిల్లలను ఎగిరి చూడమన్నాం. రెండు నిమిషాలైనా గడవకముందే ఒక షీటు మూల పైకి లేచింది, పక్క షీటు అంచు కిందికి దిగింది, రెండింటి మధ్య వేలు పట్టేంత మెట్టు ఏర్పడింది. మా పెద్దమ్మ గారి మనవరాలి బొటనవేలు ఆ మెట్టుకే తగిలి గోరు చిట్లింది. నేల మీద నేరుగా పరిచిన చెక్క ఎంత మందమైనదైనా ఇలాగే చేస్తుందని, దాని కింద ఎక్కడెక్కడ బోలుగా ఉందో అక్కడక్కడా కదులుతుందని మర్నాడు వచ్చిన తాపీమేస్త్రి వివరించారు.

ఆయన సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు నింపి, నాలుగు మూలలా మేకులు పాతి, గొట్టం రెండు కొసల్లోనూ నీరు ఎక్కడ నిలిచిందో చూసి గుర్తులు పెట్టారు. చదును అనుకున్న ఆ 16 అడుగుల్లో ఒక మూలకూ దాని ఎదురు మూలకూ 5 అంగుళాల తేడా ఉంది. ఎత్తైన వైపు తవ్వితే చెట్ల వేళ్లు తెగుతాయని మా మేనమామ గునపం వేయనివ్వలేదు. అందువల్ల పల్లం వైపు ఒక ట్రాక్టరు ట్రక్కు గ్రావెల్ పోయించి, పలచగా సర్ది, నీళ్లు చల్లి దిమ్మిసతో కొట్టించాం. ఒకేసారి మొత్తం పోసి పైన కొడితే లోపల గుల్లగానే ఉండిపోతుంది కనుక, మూడేసి అంగుళాల పొరలుగా పోసి, ఒక్కో పొరనూ విడిగా కొట్టించండి. మీది నల్లరేగడి అయితే తడిసినప్పుడు ఉబ్బి మెత్తబడుతుంది కాబట్టి గ్రావెల్ ఇంకొంచెం మందంగా పోయించడం అవసరం.

చెక్క విషయంలో మాకు డబ్బు మిగిలింది ఎక్కడంటే, పెళ్లి సామాను అద్దెకిచ్చేవారి దగ్గరకు కాకుండా ఇళ్లకు శ్లాబు పోసే సెంట్రింగ్ వారి దగ్గరకు వెళ్లడం వల్ల. శ్లాబు కింద వేసే 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీట్లు, రీపర్లు (షీట్ల కింద ఆధారంగా వేసే పొడవాటి చెక్క బద్దలు) వారి దగ్గర ఎప్పుడూ ఉంటాయి. రోజు అద్దె కూడా తక్కువ. పచ్చి కాంక్రీటు బరువు మోయడానికి తయారైన చెక్క కనుక కింద ఆధారం సరిగా ఉంటే మనుషుల గంతులకు చెక్కుచెదరదు. పైగా మేకులు దిగడం వాటికి అలవాటే కాబట్టి, రంధ్రాలు పడతాయని యజమాని అభ్యంతరం చెప్పరు. అయితే కాంక్రీటు అంటుకోకుండా ఆ షీట్లకు నూనె పూస్తారని మరచిపోకండి. ఆ నూనె కాళ్లకు జారుతుంది, పట్టు లంగా అంచుకు అంటితే మరక వదలదు. మేం సిమెంటు పెచ్చులు తక్కువగా ఉన్న షీట్లు ఏరుకుని, పెచ్చులను గీకించి, బట్టల సోడా కలిపిన వేడినీళ్లతో రెండుసార్లు రుద్దించి, ఒక పూర్తి రోజు ఎండలో నిలబెట్టాం. తెల్ల గుడ్డతో తుడిచి చూస్తే మరక పడకూడదు. మొదటిసారి మాకు గుడ్డ పసుపురంగుకు తిరిగింది, అందుకే రెండోసారి కడిగించవలసి వచ్చింది.

చదును చేసిన నేల మీద రీపర్లను అడుగు దూరానికి ఒక వరుస చొప్పున 17 వరుసలు వేశాం. ఒక్కో వరుసకు 8 అడుగుల రీపర్లు రెండేసి పట్టాయి. రీపరు కింద ఎక్కడైనా సందు కనిపిస్తే అక్కడ ఇసుక కూరాలి, చెక్కముక్కలు దోపితే ఆటకు అవి పక్కకు జరుగుతాయి. ఆపైన షీట్లను ఇటుకల గోడలో మాదిరిగా అతుకులు ఒకదాని ఎదురుగా ఒకటి రాకుండా పరిచాం. అలా రావాలంటే నాలుగు వరుసల్లో రెండింటికి ఒక్కో కొసనా సగం షీటు కావాలి. అద్దె షీట్లను కోయనక్కరలేదు, సెంట్రింగ్ వారి దగ్గర 4 అడుగుల ముక్కలు దొరుకుతాయి. ప్రతి అతుకూ ఏదో ఒక రీపరు మీదనే పడాలి. బిగించడానికి మేకులు వాడవద్దు, ఎందుకంటే ఎగురుతుంటే మేకు కొద్దికొద్దిగా పైకి వస్తుంది. స్క్రూలు వేయించి, వాటి తలలు చెక్కలోకి కాస్త దిగేలా బిగించమని వడ్రంగికి చెప్పండి. ఆ తరువాత చెప్పులు లేకుండా ఫ్లోర్ అంతా మీరే ఒకసారి నడిచి చూడండి, ఎందుకంటే సంగీత్ మొదలైన అరగంటకల్లా ఆడవాళ్లలో చాలామంది చెప్పులు పక్కన విడిచేస్తారు.

మీ ముహూర్తం కూడా మాఘ, ఫాల్గుణాల్లోనే అయితే ఒక విషయం ముందే చెప్పాలి. అది మామిడి పూత కాలం. పూత మీద తేనెమంచు పురుగు ఉంటే, అది విసర్జించే తీపి ద్రవం జిగట చుక్కలుగా కిందికి రాలుతుంది. మేం పిల్లలతో ఎగిరించి చూసిన ఆ నాలుగు షీట్లనూ ఒక రాత్రి చెట్టు కింద వదిలేస్తే, తెల్లవారేసరికి వాటి మీద బెల్లంపాకం చిలకరించినట్లు సన్నటి మచ్చలు, మచ్చ మచ్చకూ చీమలు. అందుకే ఫ్లోర్‌ను కొమ్మల నీడకు దూరంగా రెండు వరుసల నడిమికి జరిపి, పైన షామియానా కట్టించాం. అది మంచుకూ అడ్డుగా నిలిచింది. తోటల్లో రాత్రి తొమ్మిది దాటితే మంచు కురిసి, నున్నటి ప్లైవుడ్ మీద కాలు నిలవదు. అప్పటికీ నమ్మకం చాలక షీట్ల మీద పలచటి కార్పెట్ పరిచి, రెండువైపులా అంటుకునే టేపుతో అంచులన్నీ అంటించాం. మామూలు టేపు చెమ్మకు ఊడిపోతుంది.

ఇలా వేసిన ఫ్లోర్ నేలకన్నా రెండున్నర, మూడు అంగుళాలు ఎత్తుగా ఉంటుంది. చీకట్లో ఆ ఎత్తే ప్రమాదం. చుట్టూ మిగిలిన గ్రావెల్‌ను వాలుగా పోయించి, అంచు వెంబడి సీరియల్ బల్బులు పెట్టించండి. సౌండ్ బాక్సుల వైర్లు ఎట్టి పరిస్థితిలోనూ ఫ్లోర్ కింద నుంచి వెళ్లకూడదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఆరుబయట లౌడ్‌స్పీకర్లను రాత్రి 10 గంటలకు ఆపవలసి ఉంటుంది కనుక, ఆట సాయంత్రం ఆరున్నరకే మొదలయ్యేలా చూసుకుంటే ఇంత కష్టపడి వేసిన ఫ్లోర్ మూడు గంటలకు పైగా ఉపయోగపడుతుంది.

మా ఖర్చు ఇలా అయింది: షీట్లు, రీపర్ల అద్దె మూడు రోజులకు 3,500, వడ్రంగికీ సహాయకుడికీ రెండు రోజుల కూలి 4,000, గ్రావెల్ 2,500, మేస్త్రికి 1,000, కార్పెట్, టేపు, స్క్రూలకు 2,500 రూపాయలు. షామియానా పెళ్లి సామానులో భాగంగానే వచ్చింది. దిమ్మిస పని తోటలోని మనుషులే చేశారు.

ఇంత కూడా పెట్టలేని పరిస్థితి అయితే చెక్క మాట పూర్తిగా మరచిపోయి, కళ్లం చేసినట్లు చేయండి. మా తాతగారు వరి నూర్పుళ్లకు ఏటా చేసిన పనే ఇది: గడ్డి చెక్కి, నీళ్లు చల్లి, నేల పదునెక్కాక దిమ్మిస కొట్టి, పేడనీళ్లతో అలికి ఆరనిస్తే, గింజ కూడా మట్టిలో కలవనంత గట్టి పొర ఏర్పడుతుంది. డప్పుల ఆటకు అంతకంటే మంచి నేల ఉండదని నా అభిప్రాయం. వాన పడితే మాత్రం దాన్ని కాపాడలేం, కాబట్టి పైన కప్పు తప్పనిసరి. నేరుగా గడ్డి మీద కార్పెట్ పరిచి సరిపెట్టుకోవడం మాత్రం వద్దు. కార్పెట్ ముడతలు పడుతుంది, మడమల చెప్పులు దిగబడతాయి, పెద్దవాళ్లు పడిపోతారు.

ఫ్లోర్ విప్పే రోజున మీరు దగ్గర ఉండండి. మేం మొత్తం 222 స్క్రూలు వేశాం, విప్పేటప్పుడు ఒక డబ్బాలో వేయించి లెక్కపెడితే 215 తేలాయి. ఆ తోటలో మా మేనమామ గారి గేదెలు మేస్తాయి, ట్రాక్టరు తిరుగుతుంది. పాత స్పీకరులోని అయస్కాంతానికి తాడు కట్టి ఆ గ్రావెల్ మీద అటూ ఇటూ లాగితే ఆరు దొరికాయి, ఏడోది మా అమ్మ చీపురుతో ఊడుస్తుంటే కార్పెట్ మడతలో నుంచి రాలింది.