గుండె నాళం చిరిగాక మళ్ళీ ఆట మొదలుపెట్టొచ్చా?

(పాఠకుల ప్రశ్నలకు నెల్లూరు గుండె వైద్యురాలి జవాబులు)

ప్రశ్న: డాక్టరమ్మా, నాకు 44 ఏళ్ళు. ఒంగోలు దగ్గర హైస్కూల్లో పీఈటీగా చేస్తున్నాను. కాలేజీ రోజుల్లో వాలీబాల్ ఆడాను. నిన్నమొన్నటిదాకా పొద్దున్నే షటిల్ ఆడేదాన్ని. సంక్రాంతి సెలవులయ్యాక ఒకరోజు గ్రౌండులో ఉండగా గుండెల మీద బరువు పెట్టినట్టయింది, దవడ లాగింది, ఎడమ చెయ్యి తిమ్మిరెక్కింది. మొదట చూపించుకున్న చోట గ్యాస్ అని మాత్ర ఇచ్చి పంపారు. రాత్రికీ తగ్గకపోతే పెద్దాసుపత్రికి వెళ్ళాం. గుండెపోటన్నారు. యాంజియోగ్రామ్‌లో కొవ్వు బ్లాకులేమీ లేవు, నాళం లోపలి పొర దానంతటదే చిరిగింది, దీన్ని స్కాడ్ అంటారని చెప్పారు. స్టెంట్ వెయ్యలేదు. ఎనిమిది నెలలైంది. మెటోప్రొలాల్, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నాను. గుండె పంపింగ్ బాగుందట. మా ఆయన నన్ను నీళ్ళ బిందె కూడా ఎత్తనివ్వడం లేదు. నేను మళ్ళీ షటిల్ ఆడొచ్చా? డిసెంబరులో ఉద్యోగుల వాలీబాల్ పోటీలున్నాయి, టీమ్‌లో నన్ను కూడా లెక్కేసుకుంటున్నారు.
— ఒక సోదరి, ఒంగోలు

జవాబు: షటిల్ ఆడొచ్చమ్మా, అయితే ఇదివరకటిలా కాదు. డిసెంబరు పోటీలకు మాత్రం పేరివ్వకండి. ఈ రెండూ ఎందుకు చెబుతున్నానో వివరంగా రాస్తాను.

ముందు మీరు అడగని ప్రశ్నకు జవాబు. ఈ జబ్బుతో వచ్చే ప్రతి ఆడమనిషీ "నేనేం తప్పు చేశాను డాక్టర్?" అంటుంది. మీరేమీ చెయ్యలేదు. స్కాడ్ వచ్చేవాళ్ళలో పదిమందికి తొమ్మిదిమంది ఆడవాళ్ళే. ఎక్కువమంది నలభై, యాభై ఏళ్ళ మధ్యవాళ్ళు, షుగర్, పొగ, కొలెస్టరాల్ లాంటివేవీ పెద్దగా లేనివాళ్ళు. మన వైపు రొయ్యల గుంటలకు నీళ్ళు తోడే గొట్టాల్లో ఒక్కోసారి లోపలి పొర ఊడి మడతపడుతుంది. బయటికి చిల్లు కనపడదు గానీ నీళ్ళు ఆగిపోతాయి. మీ నాళంలో జరిగింది కూడా అలాంటిదే. పొరల మధ్య రక్తం చేరి, అసలు దారిని నొక్కేసింది. స్టెంట్ వెయ్యకపోవడం మీ డాక్టర్లు తెలిసి తీసుకున్న నిర్ణయం. చిరిగిన నాళంలోకి తీగ పంపితే చిరుగు ఇంకా పొడుగు సాగే ప్రమాదం ఉంది. రక్తప్రసారం నిలకడగా ఉంటే మందులిచ్చి కనిపెట్టుకుని ఉండడమే మేలు. ఎక్కువమందిలో కొన్ని వారాలకూ నెలలకూ అది దానంతటదే అతుక్కుంటుంది.

"అతుక్కుందో లేదో తేలాకే ఆడతాను, మళ్ళీ యాంజియోగ్రామ్ చెయ్యండి" అని కొందరు పట్టుబడతారు. నొప్పి లేకుండా, ఆట కోసమని మాత్రమే ఆ పరీక్షకు నేను ఒప్పుకోను. ఈ జబ్బు ఉన్నవాళ్ళ నాళాలకు తీగ తగిలితే కొత్త చిరుగు పడే అవకాశం మామూలువాళ్ళ కంటే ఎక్కువ. మీ ఫైలులో వేరే పరీక్ష ఉందో లేదో చూసుకోండి. స్కాడ్ వచ్చిన చాలామందికి ఫైబ్రోమస్క్యులర్ డిస్‌ప్లేసియా అని మెడ, మెదడు, కిడ్నీల నాళాల గోడల్లో కూడా లోపం ఉంటుంది. అందుకే తల నుంచి కటి దాకా నాళాలను ఒకసారి సీటీ స్కాన్‌లోనో ఎంఆర్ఐలోనో చూడాలి. అది చెయ్యకపోయి ఉంటే ఆట మొదలుపెట్టే ముందే చేయించండి. మెదడు నాళంలో ఉబ్బు ఏదైనా కనపడితే మనం పెట్టుకునే హద్దులే మారిపోతాయి.

ఇప్పుడు పోటీల సంగతి. స్కాడ్ మళ్ళీ రావచ్చు. ఎన్నేళ్ళు గమనించారన్నదాన్ని బట్టి నూటికి పది నుంచి ముప్పై మంది దాకా తిరిగి వచ్చినట్టు లెక్కలున్నాయి. బీపీ ఉంటే ఆ అవకాశం పెరుగుతుంది, మీరు వాడే మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లు (గుండె వేగాన్ని, బీపీని తగ్గించే మాత్రలు) వాడేవాళ్ళలో తక్కువగా కనపడింది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2018లో ఈ జబ్బు మీద ఇచ్చిన ప్రకటనలో వ్యాయామం మానొద్దంది. ఒళ్ళు పూర్తిగా అలిసేదాకా చేసేవి, ఊపిరి బిగబట్టి బరువులెత్తేవి, పోటీ ఆటలు మాత్రం వద్దంది. వాలీబాల్‌లో స్పైక్ కొట్టేటప్పుడు మీ ఊపిరి ఎక్కడుంటుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఎగిరి, పొట్ట బిగించి, ఊపిరి ఆపి కొడతారు. ఆ క్షణంలో బీపీ ఒక్కసారిగా పైకి లేస్తుంది. అదే 23–23 దగ్గర, చుట్టూ జనం అరుస్తుంటే, అలిసిపోయినా మీరు ఆగరు. ఆటగాళ్ళెవరూ ఆగరు. నా భయం ఆట గురించి కాదు, ఆగలేకపోవడం గురించి. దానికి తోడు రెండు రక్తం పలచబరిచే మాత్రల మీద ఉన్నారు. బంతి కోసం డైవ్ చేసి తల తగిలినా, ఎదుటివాళ్ళ మోచెయ్యి ముఖానికి తగిలినా రక్తస్రావం మామూలుగా ఉండదు. క్లోపిడోగ్రెల్ ఎప్పుడు ఆపాలో మీ డాక్టరే చెప్పాలి, మీకై మీరు ఆపొద్దు.

షటిల్ మొదలుపెట్టే ముందు ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకోండి, రోజూ వేసుకునే మాత్రలు వేసుకునే. ఆ రోజు మీ ఆయన్ను కూడా వెంట తీసుకెళ్ళండి. నేనైతే భర్తను గది బయట కూర్చోబెట్టను, పక్కనే నిలబెడతాను. భార్య చెమట పట్టేలా నడుస్తుంటే ఈసీజీ గీత ఎలా ఉందో, బీపీ ఎంతకు పోయి ఎంతసేపట్లో దిగిందో కళ్ళారా చూసినవాడు ఇంటికెళ్ళి బిందె దగ్గర గొడవ పెట్టుకోడు. ఆయన భయం ప్రేమతో వచ్చిందే, కాదనను. అయినా మనిషిని మంచానికి అంటగడితే బీపీ పెరుగుతుంది, బరువు పెరుగుతుంది, దిగులు పెరుగుతుంది. గుండె చిన్నగా దడదడలాడినా మళ్ళీ వచ్చేసిందని వణికిపోతారు. స్కాడ్ తర్వాత ఆ టెన్షన్ చాలామందిని పీడిస్తుంది. దానికి మానసిక వైద్యుడి సాయం తీసుకోవడంలో తప్పేమీ లేదు.

కార్డియాక్ రీహాబ్ (గుండెజబ్బు తర్వాత నిపుణుల కనుసన్నల్లో చేయించే వ్యాయామం) ఉన్న ఆసుపత్రి అందుబాటులో ఉంటే మొదటి వారాలు అక్కడే చెయ్యండి. కెనడాలోని వాంకూవర్‌లో ఈ జబ్బు కోసమే నడిపిన రీహాబ్‌లో వ్యాయామం చేసేటప్పుడు పై బీపీ 130 దాటకుండా చూసుకున్నారు. నాడి లెక్క మాత్రం పెట్టుకోకండి. నాడి ఎంతదాకా పోవచ్చో చూడడానికి 220లోంచి వయసు తీసేసే లెక్క బీటా బ్లాకర్ వేసుకునేవాళ్ళకు పనికిరాదు, మాత్ర నాడిని పెరగనివ్వదు. బడిలో నేర్చుకున్న ఆటవెలది పద్యం ఒకటి నడుస్తూ పైకి చదవండి. ఒక్కో పాదం ఒక్కో ఊపిరిలో పూర్తవుతుంటే వేగం సరిపోయింది. పాదం మధ్యలో ఊపిరి తెగితే తగ్గించండి. ఎంత శ్రమగా ఉందో మనమే అంచనా వేసుకునే, 6 నుంచి 20 దాకా ఉండే బోర్గ్ కొలతలో ఇది 11–13 దగ్గరికొస్తుంది. ఇలా చురుగ్గా నడవగలిగాక రాకెట్ పట్టుకోండి. స్కోరు వద్దు, స్మాష్ వద్దు, నలుగురూ కలిసి నెమ్మదిగా ర్యాలీ ఆడండి. కొట్టే ప్రతిసారీ ఊపిరి బయటికి వదలాలి. ఆటకు ముందూ తర్వాతా పది నిమిషాల చొప్పున నెమ్మది నడక తప్పనిసరి. రోహిణి కార్తెలో మన ఒంగోలు, నెల్లూరు ఎండ తెలిసిందే. బీటా బ్లాకర్ మీద ఉన్నవాళ్ళు ఆ వేడికి తొందరగా కళ్ళు తిరిగి పడతారు. ఎండ ముదరకముందే ఇంటికి చేరండి.

మీ ఉద్యోగంలో నెట్ పోల్ పాతడం, హైజంప్ పరుపులు లాగడం, షాట్‌పుట్ విసిరి చూపించడం పిల్లలకో తోటి టీచర్లకో వదిలెయ్యండి. ఈ జబ్బు వచ్చినవాళ్ళు ఎత్తే బరువుకు నిపుణులు సాధారణంగా చెప్పే హద్దు ఆడవాళ్ళకు 9 నుంచి 14 కిలోలు. అందుకని నిండు బిందె విషయంలో మీ ఆయన మాటే నెగ్గుతుంది, సగం బిందె మాత్రం మీరు నిక్షేపంగా ఎత్తుకోవచ్చు. 20 లీటర్ల మంచినీళ్ళ క్యాన్, గ్యాస్ బండ, పాతిక కిలోల బియ్యం మూట ముట్టుకోవద్దు.

ఇంకో మాట. ఆటకు సంబంధం లేనిదే గానీ చెప్పక తప్పదు. పెళ్ళికో వ్రతానికో నెలసరి వాయిదా పడాలని మెడికల్ షాపులో మాత్రలు కొనుక్కోవడం మన ఇళ్ళల్లో మామూలైపోయింది. అవి హార్మోన్లు. స్కాడ్ వచ్చినవాళ్ళు డాక్టర్‌ను అడక్కుండా వాటి జోలికి పోకూడదు. గర్భం రాకుండా వేసుకునే మాత్రలకూ ఇదే వర్తిస్తుంది.

యాంజియోగ్రామ్ రిపోర్టు ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోండి. గుండెలో బరువు, దవడ లాగడం మళ్ళీ వచ్చి, ఆట ఆపి కూర్చున్నా తగ్గకపోతే 108కి ఫోన్ చెయ్యండి. క్యాజువాలిటీలో అడుగుపెట్టగానే "నాకు స్కాడ్ వచ్చింది" అని చెప్పి ఆ ఫోటో చూపించండి. ఈసారి గ్యాస్ అంటే ఒప్పుకోకండి, ఈసీజీ, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే తెలిపే రక్తపరీక్ష) చెయ్యమని గట్టిగా అడగండి.

ప్రశ్న: నాకు 33 ఏళ్ళు. జిమ్‌లో 140 కిలోల డెడ్‌లిఫ్ట్ చేస్తుండగా గుండెపోటొచ్చింది. నాళం చిరిగిందన్నారు. మళ్ళీ ఆ బరువుకు ఎప్పుడు చేరొచ్చు?
— కావలి పాఠకుడు

జవాబు: ఆ బరువుకు ఇక వద్దు తమ్ముడూ. ఇది మగవాళ్ళకు తక్కువగా వస్తుంది. వచ్చినవాళ్ళలో విపరీతమైన శారీరక శ్రమ కారణంగా కనపడడం మాత్రం ఆడవాళ్ళ కంటే ఎక్కువ. మగవాళ్ళకు చెప్పే హద్దు 23 కిలోల దగ్గర. తేలిక బరువు, ఎక్కువ సార్లు, ఊపిరి బిగించకుండా చెయ్యండి. నడక, సైకిల్ పెట్టుకోండి. వ్యాయామానికి ముందు తాగే ఉత్తేజక పొడులు, ఎనర్జీ డ్రింకులు పూర్తిగా మానెయ్యండి. జిమ్‌లో ఎవరైనా ఇంజెక్షన్లు ఇచ్చి ఉంటే దాచకుండా మీ డాక్టర్‌కు చెప్పండి, ఎవరూ తిట్టరు. మందులూ పరీక్షలూ వాటిని బట్టే నిర్ణయించాల్సి ఉంటుంది.