స్కార్పియో చేతికొచ్చిన అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు. ఇక్కడ ప్రొద్దుటూరులో అందరం క్షేమం.

మీ నాన్న స్కార్పియోను నీ పేరు మీదికి మార్చాడని, నువ్వు ఇక సర్వీసు నేనే చేసుకుంటానని స్పానర్ల సెట్టు కూడా కొనుక్కొచ్చావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆమెకు టెన్షన్. నాకైతే సంతోషంగానే ఉంది. ఉద్యోగమంతా ఆర్టీసీ గ్యారేజీలోనే గడిపినవాణ్ని కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నా. చదివాక మీ అమ్మకు కూడా వినిపించు, కాస్త నిమ్మళిస్తుంది.

డబ్బు మిగులుతుందని ఈ పని మొదలుపెడితే ఆర్నెల్లకే విసుగొస్తుంది అబ్బీ. కడపలో మెకానిక్ కూలి మరీ ఎక్కువేం కాదు, మిగిలేదంతా నువ్వు కొనే పనిముట్లకే పోతుంది. లాభం వేరేచోట ఉంది. నీ 2011 నాటి పాత బండిలో ఏదైనా పోయేముందు చాలావరకు చెప్పే పోతుంది. నేల మీద రెండు చుక్కల ఆయిల్ పడుతుంది, బెల్టు కీచుమంటుంది, పొద్దున సెల్ఫ్ కొడితే బరువుగా తిరుగుతుంది. మెకానిక్ ఆ బండిని ఎప్పుడో ఒకసారి చూస్తాడు. రోజూ నడిపేది నువ్వు. బానెట్ తెరిచి చూసే అలవాటు ఉన్నవాడికే ఆ గుర్తులు అందుతాయి.

ఏ పని నువ్వు చేయాలి, ఏది వదిలేయాలి అనేదానికి నాకొక లెక్క ఉంది. ఇందులో పొరపాటు జరిగితే అది ఎక్కడ బయటపడుతుంది? ఇంటి ముందర బయటపడేదైతే నువ్వే చెయ్యి. రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్‌లో బయటపడేదైతే మెకానిక్‌కు వదిలెయ్యి. బ్యాటరీ టెర్మినల్ సరిగ్గా బిగించకపోతే బండి గేటు దగ్గరే స్టార్ట్ కాదు, నవ్వుకుని మళ్లీ బిగిస్తావు. బ్రేకు పైపు నట్టు సరిగ్గా బిగించకపోతే మలుపులో పెడల్ నేలను తాకినప్పుడు తెలుస్తుంది. అందుకే బ్రేకులు, స్టీరింగు, సస్పెన్షన్ స్ప్రింగుల జోలికి పోవద్దు. ఇంజన్లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల పైపుల మీద అసలు చెయ్యి వెయ్యొద్దు. టైర్లో గాలి ఒత్తిడి సుమారు 2 బార్ ఉంటే, ఎక్కువ ఒత్తిడితో డీజిల్ పంపే కామన్ రైల్ రకం ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆ పైపుల్లో డీజిల్ ఒత్తిడి వెయ్యి బార్ దాటుతుంది. సన్నగా చిమ్మిన డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న సూది గుచ్చినట్టే కనిపిస్తుంది కానీ అలా జరిగితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోవాల్సిందే.

స్పానర్ పట్టేముందు జాకీ సంగతి. బండితో వచ్చిన జాకీ స్టెప్నీ మార్చడానికే. దాన్ని నమ్ముకుని బండి కిందికి దూరొద్దు. రెండు గట్టి యాక్సిల్ స్టాండ్లు కొనుక్కో. బండి లేపి, ఫ్రేము కింద స్టాండ్లు పెట్టి, చేత్తో గట్టిగా ఊపి చూసి, కదలకపోతేనే కిందికి పో. లేపని చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టు. ఇటుకలు పేర్చడం చూస్తుంటాం, అవి చెప్పకుండా పగులుతాయి. ఇంకోటి, మీ ఇంటి ముందు కడప బండలు పరిచారు కదా. జాకీ బరువంతా ఒకేచోట పడితే బండ చిట్లుతుంది. కింద మందపాటి చెక్క వేసుకో.

ఇక అసలు సంగతి, వేడి. మన కడపలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. పైగా రాయచోటి పోవాలంటే నిండా మనుషులతో, ఏసీ వేసుకుని ఘాట్ ఎక్కాలి. పాత ఇంజన్‌కు దీన్ని మించిన పరీక్ష లేదు. కాబట్టి రేడియేటర్ మీద పెట్టినంత శ్రద్ధ ఇంకదేని మీదా పెట్టొద్దు.

అందులో బోరు నీళ్లు పోయొద్దు. మన నీళ్లు ఎంత గట్టివో గీజర్ విప్పినప్పుడు చూసే ఉంటావు. ఆ తెల్లటి పొరే ఇంజన్ లోపలి సన్నటి దారుల్లో కూడా పేరుకుంటుంది, ఆ తర్వాత ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ ఎంత మంచిది పోసినా వేడి బయటికి రాదు. కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో సగానికి సగం కలుపుకో. కలిపి అమ్మేదైతే నేరుగా పోయొచ్చు, డబ్బా మీద చదువుకో. వేర్వేరు రకాలను ఒకదాంట్లో ఒకటి కలపొద్దు. దారిలో లీకై వేరే గతి లేకపోతే ఏ నీళ్లయినా పోసి ఇల్లు చేరు, కానీ ఇల్లు చేరాక అదంతా దించేసి శుభ్రం చేసి కొత్తది పోయాలి. ఆ రెండో పని చాలామంది మరిచిపోతారు.

మట్టం చూడాల్సింది పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు. వేడి ఇంజన్ మీద మూత తిప్పితే ఒత్తిడిలో ఉన్న కూలెంట్ మొహం మీదికి ఎగజిమ్ముతుంది. అలా కాలిన చేతులు గ్యారేజీలో చాలా చూశా. మట్టం మాటిమాటికి తగ్గుతుంటే పోసుకుంటూ పోవడం మందు కాదు, ఎక్కడికి పోతోందో వెతకాలి. రేడియేటర్ రబ్బరు హోస్‌లు చల్లగా ఉన్నప్పుడు నొక్కి చూడు. మరీ మెత్తబడి ఉబ్బినా, గట్టిపడి పగుళ్లు కనిపించినా మార్చెయ్యి. క్లాంపుల దగ్గర రంగు మరక ఉంటే అక్కడే కారుతోందని లెక్క. బయట ఎక్కడా తడి లేదు, అయినా తగ్గుతోంది, ఆయిల్ మూత కింద పాల మీగడ రంగు జిడ్డు కనిపిస్తోంది, పొగ తెల్లగా వస్తోంది, అంటే హెడ్ గాస్కెట్, అదే ఇంజన్ బ్లాకుకూ పైన హెడ్డుకూ మధ్య ఉండే సీలు, పోయిందని అనుమానించాలి. అప్పుడు బండి నడపొద్దు, మెకానిక్‌ను ఇంటికే పిలిపించు.

రేడియేటర్ ముందు భాగంలో సీతాకోకచిలుకలు, గడ్డి, దుమ్ము ఇరుక్కుని ఉంటాయి. ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీల దారిలో తిరిగితే ఇంకా ఎక్కువ. ఇంజన్ చల్లబడ్డాక మామూలు పైపుతో, నెమ్మదిగా, వెనక నుంచి ముందుకు నీళ్లు కొట్టు. వాటర్ సర్వీసు గన్ దగ్గరగా పెడితే ఆ సన్నటి రేకులన్నీ వంగిపోతాయి.

బండి వేడెక్కుతోందంటే వేడిని బట్టి కూలెంట్ దారిని తెరిచి మూసే థర్మోస్టాట్ వాల్వు పీకేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. మన దగ్గర ఇదొక జబ్బు. అది లేకుండా నడిపితే ఇంజన్ పనిచేయాల్సిన వేడికి చేరదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది, లోపలి అరుగుదల పెరుగుతుంది. వాల్వు పాడైతే కొత్తది వేయించు. వేడెక్కడానికి అసలు కారణం వేరే ఉంటే వాల్వు తీసినా అది అలాగే ఉంటుంది.

బ్రేకుల జోలికి పోవద్దన్నా కానీ చూడొద్దనలేదు. ఈ బండికి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. ముందు చక్రం సందులోంచి టార్చి వేస్తే డిస్కును నొక్కే ప్యాడ్ మందం కనిపిస్తుంది. బ్రేకు ఫ్లూయిడ్ డబ్బాలో మట్టం తగ్గితే వెంటనే నింపెయ్యకు. ప్యాడ్లు అరిగినా తగ్గుతుంది, ఎక్కడో కారినా తగ్గుతుంది. రెండిటిలో ఏదో ముందు తేల్చుకో. ఆ ఫ్లూయిడ్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తదైతే 230 డిగ్రీల దాకా మరగదు, తేమ చేరాక అది 155 డిగ్రీల దాకా దిగిపోవచ్చు. రాయచోటి నుంచి తిరిగొస్తూ ఘాట్ పొడవునా బ్రేకు తొక్కుతూ దిగితే అక్కడ పుట్టే వేడికి పాత ఫ్లూయిడ్ మరిగి బుడగలు వస్తాయి, పెడల్ మెత్తబడుతుంది. అందుకే రెండేళ్లకొకసారి ఫ్లూయిడ్ మొత్తం మార్పించు. ఎక్కిన గేరులోనే దిగు, ఇంజనే బండిని పట్టుకుంటుంది. కాలిన వాసన వస్తే పక్కకు ఆపి చల్లారనివ్వు. నీళ్లు మాత్రం చల్లొద్దు, డిస్కు వంకరపోతుంది.

ఘాట్ ఎక్కాక గువ్వలచెరువులో పాలకోవా కోసం ఎలాగూ ఆపుతావు. ఆపగానే ఇంజన్ కట్టెయ్యకు, ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచు. ఇంజన్లోకి గాలిని నెట్టే టర్బో బాగా వేడెక్కి ఉంటుంది, దాని బేరింగుకు ఆయిల్ అందుతూ చల్లబడాలి. దిగాక బండి చుట్టూ ఒకసారి తిరిగి కింద తడి ఏమైనా ఉందేమో చూడు. ఏసీ నీళ్లు కారడం మామూలే, దానికి కంగారుపడొద్దు.

ఇంజన్ ఆయిల్ మార్చడం నువ్వు చేయగలిగిన పనే. బండి పుస్తకంలో చెప్పిన గ్రేడే పోయి, షాపువాడు ఇంకా మంచిదని ఇంకోటి చూపిస్తే వద్దను. ఇంజన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు దించితే మడ్డితో సహా దిగుతుంది. డ్రెయిన్ బోల్టు వాషర్ ప్రతిసారీ కొత్తది వెయ్యి. బోల్టును మొదట చేత్తోనే నాలుగు చుట్లు తిప్పు, మరలో సరిగ్గా కూర్చుంటేనే స్పానర్ పెట్టు. బలమంతా చూపిస్తే మర పోతుంది, ఆ ఖర్చు నీకు ఇష్టముండదు. ఆయిల్ చెప్పిన కొలత కంటే కొంచెం తక్కువ పోసి, స్టార్ట్ చేసి, ఆపి, కాసేపాగి డిప్‌స్టిక్ చూసి మిగతాది పొయ్యి. పై గీత దాటితే మంచిది కాదు. కింద ఒక పాత అట్ట పరిచి రాత్రంతా వదిలెయ్యి, మరక పడకపోతే మరుసటి రోజు బయటికి తియ్యి. కొత్త ఆయిల్ రెండు రోజులకే నల్లబడిందని ఫోన్ చెయ్యకు, డీజిల్ ఇంజన్లో అది అంతే. దించిన ఆయిల్‌ను డ్రైనేజీలో పోయొద్దు. డబ్బాలో పట్టి, వాడిన ఆయిల్ కొనేవాళ్లకు చేర్చే గ్యారేజీలో ఇచ్చెయ్యి.

ఎయిర్ ఫిల్టర్‌ను మన దుమ్ముకు పుస్తకంలో రాసినదానికంటే ముందే చూస్తుండు. పొగ నల్లగా వస్తే మొదట అదే చూడు, తర్వాత టర్బో హోస్ ఎక్కడైనా చిరిగిందేమో చూడు. నీలం పొగ అంటే ఇంజన్ ఆయిల్ తాగుతోంది. డీజిల్ ఫిల్టర్ అడుగున చేరిన నీళ్లు తీసెయ్యి. ఆ ఫిల్టర్ మార్చాక లోపలి గాలి తీయకపోతే బండి స్టార్ట్ కాదు. మొదటిసారి మెకానిక్ చేస్తుంటే పక్కన నిలబడి చూసి నేర్చుకో.

బ్యాటరీకి ఒక చిన్న మల్టీమీటర్ చాలు. బండి రాత్రంతా ఆగి ఉన్నాక 12.6 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు. 12 కు దిగితే దాదాపు ఖాళీ. ఇంజన్ నడుస్తున్నప్పుడు ఇంచుమించు 14 చూపించాలి. అంత చూపించకపోతే తప్పు బ్యాటరీది కాకపోవచ్చు, దాన్ని చార్జ్ చేసే డైనమో చూపించు. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర.

టైరు పక్క గోడ మీద డాట్ అనే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. గాట్లు లోతుగా ఉన్నాయని మురిసిపోకు, మన ఎండకు రబ్బరు పక్కల పగుళ్లు పడుతుంది. స్టెప్నీ తారీఖు కూడా చూడు.

ఎలుకల సంగతి చెప్పడం మరిచిపోయేవాణ్ని. బండి వారం రోజులు కదలకపోతే బానెట్ కింద కాపురం పెడతాయి. వైరు కొరికితే ఏ మెకానిక్‌కూ ఒక పట్టాన దొరకదు. పొగాకు కట్టలు పెట్టేవాళ్లున్నారు, నాకైతే అంత నమ్మకం లేదు. బండిని రెండు రోజులకొకసారి కదపడం, బియ్యం మూటలు అందులో ఉంచకపోవడం, ఇవే పనిచేస్తాయి.

ఏ సాకెట్టు పీకినా ముందు ఫోన్‌తో ఫోటో తియ్యి. పార్టు కొనేటప్పుడు పాతది చేత్తో తీసుకుపో, చాసిస్ నంబరు కూడా చెప్పు. ఒకే మోడల్‌లో కూడా ఏడాదికేడాది మార్పులుంటాయి. బ్రేకు ప్యాడ్లు, ఫిల్టర్లు కంపెనీవే తీసుకో, డూప్లికేట్లు అచ్చం అలాంటి డబ్బాలోనే వస్తాయి. ఏది ఎప్పుడు మార్చావో, అప్పటికి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో ఒక నోటుబుక్కులో రాసి డాష్‌బోర్డులో పెట్టు.

2011లో రిజిస్ట్రేషన్ అయిన బండి కాబట్టి 2026తో ఆర్సీకి 15 ఏళ్లు నిండుతాయి. గడువుకు 60 రోజుల ముందు నుంచి ఫారం 25తో రెన్యువల్‌కు పెట్టుకోవచ్చు. బండిని తనిఖీ చేసి, అన్నీ బాగుంటే ఇంకో 5 ఏళ్లకు ఇస్తారు. పాత బండ్ల మీద వేసే గ్రీన్ టాక్స్ ఉంటుంది. లైట్లు, ఇండికేటర్లు, హారన్, వైపర్లు, ఇవన్నీ నువ్వే ముందుగా సరిచేసుకోవచ్చు. బ్రేకులు, పొగ సంగతి మెకానిక్‌తో చూపించి పంపు.

గేరుబాక్సు నుంచి వెనక చక్రాలకు శక్తినిచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసుల (కీళ్ల) దగ్గర గ్రీజు ఎక్కించే నిపుల్ ఉంటే గ్రీజు కొట్టాలి. గేరు వేయగానే కింద టక్కుమంటే మొదట అక్కడే చూడు. గ్రీజు గన్ కొనొద్దు, నా దగ్గర ఒకటి ఊరికే పడి ఉంది. మీ అమ్మ పండక్కి వస్తుంది కదా, ఆమె చేతికిచ్చి పంపిస్తా. గ్రీజు మాత్రం నువ్వే కొనుక్కో.

మీ మామ