కాలిఫోర్నియా ట్రెయిల్స్‌లో ఏటీవీ: ఎక్కడ నడపొచ్చు, ఎక్కడ కేసవుతుంది?

సందేహం: మేం శాన్‌హోసేలో ఉంటున్నాం, నాది హెచ్‌-1బీ వీసా. ఈమధ్య ఒక సెకండ్‌హ్యాండ్ ఏటీవీ (మట్టిదారుల్లో నడిపే నాలుగు చక్రాల బండి) కొన్నాం. ఫోన్ యాప్‌లో కనిపించే మట్టిదారులన్నిటిలో నడపొచ్చా? మా అబ్బాయికి 13 ఏళ్లు, వాడి చేతికివ్వొచ్చా? టికెట్ పడితే గ్రీన్‌కార్డుకు ఇబ్బందా?

జవాబు: యాప్‌లో గీత ఉన్నంత మాత్రాన ఆ దారిలో నడిపే హక్కు మీకు రాదు. ఆ గీతల్లో చాలావరకు ఎవరో ఎప్పుడో వెళ్లిన జాడలే. మీకు దగ్గర్లోనే, శాన్ బెనిటో కౌంటీలోని క్లియర్ క్రీక్‌నే చూడండి. ఒకప్పుడు బైకర్లతో కిటకిటలాడిన చోటు అది. దుమ్ములో ఆస్బెస్టాస్ ఉందని తేలడంతో 2008లో ఫెడరల్ భూములు చూసే బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ మూసేసింది. 2014 నాటి ప్రణాళికలో రోడ్డు రిజిస్ట్రేషన్ ఉన్న వాహనాలకే, అదీ పర్మిట్ మీద చోటిచ్చారు. పాత ట్రాక్‌లు మాత్రం ఇంటర్నెట్‌లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

కాబట్టి ముందు ఆ భూమి ఎవరిదో తేల్చుకోండి. నేషనల్ ఫారెస్ట్ అయితే మోటార్ వెహికల్ యూజ్ మ్యాప్ ఒక్కటే ప్రమాణం. ఫారెస్ట్ సర్వీస్ ఉచితంగానే ఇస్తుంది. అందులో ఉన్న దారి, అందులో రాసిన రకం వాహనానికి, అందులో రాసిన తేదీల్లోనే తెరిచినట్టు. మ్యాప్‌లో లేని దారి మూసినట్టే. అక్కడ గేటు లేదు, బోర్డు లేదు అన్న వాదన నిలవదు, ఎందుకంటే మ్యాప్ చూసుకునే బాధ్యతను నిబంధన నడిపేవారి మీదే పెట్టింది.

ఎక్కువమంది దొరికిపోయేది అడవిలోని కంకర రోడ్ల మీద. మట్టిరోడ్డే కదా అనుకుని ఎక్కేస్తారు. మ్యాప్ గుర్తుల పట్టికలో ‘హైవే లీగల్ వాహనాలకు మాత్రమే’ అన్న రోడ్లు వేరు, ‘అన్ని వాహనాలకు’ అన్నవి వేరు. హైవే లీగల్ అంటే మామూలు రోడ్డుకు రిజిస్టరైనవి. ట్రెయిల్స్‌కు మాత్రమే రిజిస్టరై, గ్రీన్ స్టిక్కర్ ఉన్న ఏటీవీకి మొదటి రకం రోడ్డు మీద చోటు లేదు, పక్క ట్రెయిల్‌కు చేరడానికి అర మైలే అయినా సరే. ‘50 అంగుళాలు, అంతకన్నా తక్కువ వెడల్పు’ అన్న ట్రెయిల్స్‌లో మామూలు ఏటీవీ పడుతుంది. పక్కపక్కన సీట్లుండే సైడ్-బై-సైడ్ బండ్లు చాలావరకు పట్టవు.

బ్యూరో భూముల్లో ప్రాంతాలను ఓపెన్, లిమిటెడ్, క్లోజ్డ్ అని మూడుగా విడదీస్తారు. లిమిటెడ్ అంటే గుర్తించిన దారుల్లోనే. దాని స్థానిక ఆఫీసుకు ఫోన్ చేసి అడగడం మంచిది.

మొదటిసారికైతే నేను చెప్పేది స్టేట్ పార్కుల వాళ్ల హోలిస్టర్ హిల్స్. మీకు గంట ప్రయాణం. లివర్మోర్, ట్రేసీల మధ్య కార్నెగీ ఉంది. ఈ రెండూ ఇందుకోసమే నడిపే పార్కులు కాబట్టి ఏ దారి ఎవరికన్న తికమక చాలా తక్కువ. వాన పడితే ట్రెయిల్స్ మూసేస్తారు, బయల్దేరే ముందు కనుక్కోండి.

సెకండ్‌హ్యాండ్ బండి కనుక పింక్ స్లిప్ (యాజమాన్య పత్రం) మీ పేరుకు మార్పించుకుని, వాహనాల రిజిస్ట్రేషన్ చూసే డీఎంవీలో రెండేళ్ల గ్రీన్ స్టిక్కర్ తీసుకోండి. ఆ తర్వాత సైలెన్సర్ చూడండి. పాత యజమాని మార్చి ఉంటే నిప్పురవ్వలు బయటికి రాకుండా ఆపే స్పార్క్ అరెస్టర్ పోయి ఉండొచ్చు. అది లేకుండా అడవిలో నడపడం నేరం, ఒక్క నిప్పురవ్వ చాలు. 1986 నుంచి తయారైన బండ్లకు శబ్దం పరిమితి 96 డెసిబెల్స్.

ఇక అబ్బాయి సంగతి. కాలిఫోర్నియాలో 18 ఏళ్లలోపు వాళ్లు ప్రభుత్వ భూమిలో ఏటీవీ నడపాలంటే సేఫ్టీ సర్టిఫికెట్ ఉండాలి, లేదా సర్టిఫికెట్ ఉన్న పెద్దవాళ్ల ప్రత్యక్ష పర్యవేక్షణలో నడపాలి, లేదా గుర్తింపున్న శిక్షకుడి దగ్గర కోర్సు చేస్తూ ఉండాలి. 14 నిండలేదు కనుక దీనికి తోడు మీరో, మీరు అప్పగించిన మరో పెద్దవారో వెంటే ఉండాలి. డేరా దగ్గర కుర్చీలో కూర్చుని చూస్తుంటే వెంట ఉన్నట్టు కాదు. ఉల్లంఘిస్తే మొదటిసారి 125 డాలర్ల జరిమానా తల్లిదండ్రులకే పడుతుంది. వాడి చేతులు, కాళ్లు అన్ని కంట్రోల్స్‌కూ అందాలి. హెల్మెట్ అందరికీ తప్పనిసరి. ఒక్కరి కోసం తయారైన బండి మీద వాణ్ని వెనక కూర్చోబెట్టుకోవడం కూడా నేరమే. అమ్మాయిలనూ అబ్బాయిలనూ అలా ఎక్కించుకుని తిప్పడం తరచూ కనిపిస్తుంది, దయచేసి ఆ పని చేయకండి. బరువు మారితే వాలులో బండి వెనక్కి తిరగబడుతుంది.

టికెట్ విషయం. స్టేట్ పార్కులో పడితే అది రాష్ట్ర కోర్టుది. నేషనల్ ఫారెస్ట్‌లో పడితే ఫెడరల్ కేసు. అనుమతి లేని దారిలో నడిపినందుకు చట్టంలో గరిష్ఠ శిక్ష 6 నెలల జైలు, 5,000 డాలర్ల జరిమానా. మామూలుగా నోటీసు మీద రాసిన మొత్తం కడితే ముగుస్తుంది. కట్టకుండా, కోర్టుకూ వెళ్లకుండా వదిలేస్తే వారెంట్ రావచ్చు. వీసా ఉన్నవాళ్లకు అసలు చిక్కు అక్కడ. ఇలాంటి టికెట్ ఒక్కదానితో గ్రీన్‌కార్డు పోదు. కానీ గ్రీన్‌కార్డు కోసం వేసే ఐ-485 దరఖాస్తులో అరెస్టులతో పాటు ‘సైటేషన్’ (టికెట్) గురించీ అడుగుతారు, దాచిపెడితే అది వేరే నేరమవుతుంది. నోటీసు, కట్టిన రసీదు, కేసు ముగిసిన కాగితం మూడూ భద్రపరచుకుని, దరఖాస్తు వేసే రోజు మీ ఇమిగ్రేషన్ లాయరుకు చూపించండి.