తమ్ముడు సంతకం పెట్టమంటున్నాడు, పెట్టాలా?

ప్రశ్న: నమస్కారమండీ. మా నాన్నగారు టీచరు, 1978లో జీతం దాచుకుని తెనాలిలో 180 గజాల స్థలం కొని ఇల్లు కట్టారు, 2019లో పోయారు, వీలునామా ఏమీ రాయలేదు. అమ్మ ఉంది. నేను పెద్దదాన్ని, నా తర్వాత ఇద్దరు తమ్ముళ్లు. పెద్ద తమ్ముడు కింద పోర్షన్‌లో అమ్మతో ఉంటాడు, పై పోర్షన్ అద్దె నెలకి తొమ్మిది వేలు వాడే తీసుకుంటాడు, ఇంటి పన్ను కూడా వాడి పేరు మీదకి మార్పించుకున్నాడు. చిన్నవాడు న్యూజెర్సీలో. మొన్న సంక్రాంతికి వెళ్తే భోజనాలయ్యాక ఓ స్టాంపు కాగితం తెచ్చి అక్కా ఇక్కడ సంతకం పెట్టు అన్నాడు, చదివితే నాకు వాటా వద్దని రాసుంది. ఇదేంట్రా అంటే, నీ పెళ్లి 84లో అయింది, ఎన్టీఆర్ చట్టం వచ్చింది 85లో, నీకెలాగూ రాదు, పైగా పసుపు కుంకుమ కింద అరెకరం ఇచ్చారుగా అన్నాడు. ఇంటికెళ్లి చెప్తాలే అని వచ్చేశాను. గొడవ పడాలని లేదు. ఏం చెయ్యమంటారు?
ఓ పాఠకురాలు, గుంటూరు

జవాబు: పెట్టకుండా వచ్చేశారు, మంచి పని చేశారమ్మా. ఈ 85 మాట వినని వారం లేదు నాకు, చదువుకున్నవాళ్లు కూడా ఇదే చెప్తారు. హిందూ వారసత్వ చట్టానికి ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన ఆ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది, ఆ నాటికి పెళ్లయిన ఆడపిల్లలకి వర్తించదన్నదీ నిజమే, కాకపోతే అది ఉమ్మడి కుటుంబ ఆస్తికి, అంటే పెద్దల నుంచి వచ్చినదానికి. 2005లో కేంద్రం చట్టం మార్చాక అందులోనూ పెళ్లెప్పుడయింది అన్న లెక్క పోయింది, 2020లో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో తండ్రి 2005 నాటికి బతికుండక్కర్లేదని కూడా తేల్చేసింది. మీకు అసలు ఇంత దూరం రానక్కర్లేదు, నాన్నగారిది స్వార్జితం, అంటే సొంత సంపాదనతో కొన్నది, వీలునామా లేకుండా పోయారు కాబట్టి 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారమే భార్యకీ కొడుకులకీ కూతుళ్లకీ సమానం. అమ్మ, మీరు, ఇద్దరు తమ్ముళ్లు, నాలుగు వాటాలు, తలా 45 గజాల లెక్క. అరెకరం నాన్నగారు బతికుండగా ఇష్టపడి ఇచ్చింది, చట్టం దాన్ని ఇందులోంచి తగ్గించదు. మీ మనసుకి అనిపిస్తే మీ వాటాలో ఓ లక్షో రెండు లక్షలో వదులుకోండి, అది మీ ఇష్టం.

పన్ను రసీదు మీద పేరున్నంత మాత్రాన ఓనరు అయిపోరు, దానికి భయపడకండి. రిజిస్టరు కాని స్టాంపు కాగితంతో వాటా పోదు గానీ, రేపు అక్క అప్పుడే ఒప్పుకుంది అని కోర్టులో చూపించడానికి పనికొస్తుంది, అందుకే దానికి దూరంగా ఉండమంటున్నా.

ఇప్పుడు ఇల్లు ఎలా పంచుకోవాలన్నది. 180 గజాల్ని నాలుగు ముక్కలు చేస్తే ఎవరికీ ఇల్లు మిగలదు. నేను చూసిన ఒక పంపకంలో అన్నదమ్ములు హాలు మధ్యలో గోడ లేపారు, ఫ్యాను అన్నవైపు, దాని స్విచ్చు తమ్ముడివైపు, వేసవిలో ఫ్యాను కావాలంటే గోడ మీద కొట్టి పిలవాల్సిందే. కాబట్టి ఇంటికి ఒకే రేటు అనుకోండి, ఇద్దరు ముగ్గుర్ని అడిగి తేల్చండి, మాటవరసకి 80 లక్షలు అయితే వాటా 20. పెద్ద తమ్ముడు అందులోనే ఉన్నాడు కాబట్టి మొదట అతన్నే కొనుక్కోమనండి, మీకూ చిన్న తమ్ముడికీ డబ్బిస్తే మీరిద్దరూ హక్కు విడుదల దస్తావేజు రాసి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరు చేస్తారు, డబ్బు చేతికి రాకుండా మాత్రం ఆ ఆఫీసు గుమ్మం ఎక్కకండి. అద్దె ఏడాదికి లక్షా ఎనిమిది వేలు, అందులో మీ వంతు 27 వేలు, ఇదీ లెక్కలోకి వస్తుంది, కానీ అమ్మ మందులూ ఇంటి రిపేర్లూ అతనే చూసుకుంటుంటే అవీ రాయండి. చాలా ఇళ్లల్లో రెండూ రాసి చూస్తే పెద్దగా ఏమీ తేలదు, మాటలు మిగుల్తాయి అంతే.

న్యూజెర్సీ ఆయన రాలేకపోతే అక్కడ ఇండియన్ కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ, అంటే తన బదులు ఇక్కడ ఇంకొకరు సంతకం పెట్టేలా అధికార పత్రం, చేయించి పంపొచ్చు, అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి, ఇది మర్చిపోయి చివర్లో పరిగెత్తేవాళ్లే ఎక్కువ. నాన్నగారి కుటుంబ సభ్యులెవరో చూపించే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తహసీల్దారు ఇస్తారు, దానికి ఈలోపు అర్జీ పెట్టేసుకోండి.

అమ్మ వాటా మాత్రం ఎవరి పేరు మీదకీ తొందరపడి రాయించకండి. ఆవిడ ఉన్నన్నాళ్లూ ఆ ఇంట్లోనే ఉంటుందని దస్తావేజులో ఒక వాక్యం ఉండాలి, ఎవరు కొనుక్కున్నా సరే.

మాటలు తెగకపోతే నేరుగా దావాకి పోకండి, వాటాలు తేల్చే ప్రాథమిక డిక్రీ, ఇల్లు చూసి పంచడానికి కోర్టు పంపే కమిషనరు, ఆఖరికి పంపకం ఖాయం చేసే తుది డిక్రీ అని ఏళ్లు పడుతుంది, ఆఖరికి విభజన కుదరదని ఇల్లు అమ్మించే అవకాశం కూడా ఉంది. ముందు కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టండి, ఫీజు ఉండదు, లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది డిక్రీతో సమానం, అప్పీలు లేదు.

ఇంతకీ ఆ స్టాంపు కాగితం ఫొటో తీసుకున్నారా? లేకపోతే చదువుకుంటాను వాట్సాప్‌లో పెట్టరా అని తమ్ముణ్ణి మామూలుగానే అడగండి. పెట్టడానికి వెనకాడాడంటే అప్పుడు నాకు ఇంకో ఉత్తరం రాయండి.