మురుగునీటి ప్లాంటులో పర్యవేక్షణకు వెళ్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

బాబాయి ఆశీస్సులు. కొత్తగా కడుతున్న మురుగునీటి శుద్ధి కేంద్రంలో పర్యావరణ పర్యవేక్షణ, ఆడిట్ పని నీ చేతికి వచ్చిందని తెలిసి చాలా సంతోషమేసింది. ఎక్కడ మొదలుపెట్టాలి బాబాయ్ అని అడిగావు. ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదు కాబట్టి తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

రిపోర్టులో కనిపించే ప్రతి అంకె ఎక్కడో ఒకచోట, ఎవరో ఒక మనిషి చేతిలో పుడుతుంది. బీవోడీ, అంటే నీళ్లలోని మురికిని తినడానికి సూక్ష్మజీవులకు పట్టే ఆక్సిజన్, లీటరుకు 18 మిల్లీగ్రాములు అని అచ్చయిన చోట అది ఎంతో గట్టి విషయంలా కనిపిస్తుంది. కానీ దాని వెనక ఒక సీసా ఉంది, ఆ సీసా ముంచిన ఒక చెయ్యి ఉంది, ఎండలో పెట్టారో మంచులో పెట్టారో తెలియని ఒక ప్రయాణం ఉంది. ఈ పనిలో చేరిన చాలామంది కాగితాల దగ్గరే ఆగిపోతారు. నువ్వు సీసా దగ్గరికి వెళ్లు. నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మొదట బేస్‌లైన్. తవ్వకం మొదలు కాకముందు అక్కడి నీళ్లు, గాలి, చప్పుడు ఎలా ఉన్నాయో కొలిచి పెట్టుకోవడం. ఈ ఒక్కదానికీ రెండో అవకాశం ఉండదు. నా మొదటి ప్రాజెక్టులో ఇక్కడే తప్పు చేశాను. పని ఆలస్యమవుతోందని పైనుంచి తొందరపెడితే, పొక్లెయిన్లు దిగిన వారం తర్వాత వాగు నీళ్ల బేస్‌లైన్ తీశాను. అప్పటికే గట్టు మట్టి నీళ్లలోకి జారుతోంది. ఆ బురదే మా లెక్కల్లో ‘మామూలు స్థితి’ అయి కూర్చుంది. ఆరు నెలల తర్వాత దిగువన చేపలు పట్టుకునేవాళ్లు వచ్చి, నీళ్లు ఇదివరకు ఇలా ఉండేవి కావని చెప్పారు. వాళ్లు చెప్పేది నిజమని నాకు తెలుసు. చూపించడానికి నా దగ్గర ఒక్క కాగితం లేదు. వాళ్ల ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి. అందుకే ఎవరు ఎంత తొందరపెట్టినా ఈ విషయంలో మెత్తబడకు. వర్షాలకు ముందు ఒకసారి, వర్షాల్లో ఒకసారి, నీళ్లు తగ్గిన రోజుల్లో ఒకసారి కొలవగలిగితే అంతకన్నా మంచిది లేదు.

స్థానాలు ఎంచుకునేటప్పుడు ఎగువన ఒక పోలిక స్థానం తప్పకుండా ఉండాలి. దిగువన మాత్రమే కొలిస్తే, మట్టి మీ సైటు నుంచి వచ్చిందో, పైనెక్కడో కురిసిన వానకు వచ్చిందో తేల్చలేవు. శుద్ధి చేసిన నీళ్లు నదిలో కలిసే చోట, పైపు మూతి దగ్గరే ముంచి తీసుకోవద్దు. అక్కడ రెండు నీళ్లూ ఇంకా కలిసి ఉండవు. కాస్త దిగువకు నడిచి అడ్డంగా మూడు నాలుగు చోట్ల కండక్టివిటీ, అంటే నీళ్లలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో, కొలిచి చూడు. అంకెలు దగ్గర దగ్గరగా వచ్చిన చోట నీళ్లు కలిశాయని అర్థం.

బేస్‌లైన్ చేతికొచ్చాక హద్దులు గియ్యాలి. చాలా ప్రాజెక్టుల్లో రెండు గీతలు పెట్టుకుంటారు. బేస్‌లైన్ విలువల్లో 95వ పర్సెంటైల్, అంటే వంద కొలతల్లో 95 దాని కిందే ఉండే విలువ, దాటితే హెచ్చరిక, 99వది దాటితే ఉల్లంఘన. నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌కు మాత్రం తగ్గితేనే ప్రమాదం కనుక 5, 1 పర్సెంటైల్ తీసుకుంటారు. గీతలు గియ్యడం తేలిక. దాటిన రోజు ఎవరికి ఫోన్ వెళ్లాలి, ఎన్ని గంటల్లో మళ్లీ కొలవాలి, ఏ పని ఆపాలి, ఆపమనే అధికారం ఎవరిది అన్నవి ముందే పేర్లతో సహా రాసి, కాంట్రాక్టరు చేత సంతకం పెట్టించుకో. ఆ కాగితం లేకపోతే హద్దు దాటిన రోజంతా అది నా పని కాదంటే నా పని కాదనుకోవడంతోనే గడిచిపోతుంది.

కట్టడం నడిచినన్నాళ్లూ దుమ్ము, చప్పుడు, వాననీటితో కొట్టుకుపోయే మట్టి, ఈ మూడే ప్రధానం. వీటి గురించి ఎక్కువ చెప్పను, మాన్యువల్‌లో ఉంటుంది. ఒక్కటి గుర్తుంచుకో. సౌండ్ మీటరును కొలిచే ముందూ తర్వాతా తెలిసిన స్థాయిలో చప్పుడు చేసే కాలిబ్రేటరుతో సరిచూడు. గాలి సెకనుకు 5 మీటర్లు దాటి వీస్తుంటే ఆ రీడింగు పనికిరాదు, అది గాలి చప్పుడే.

ప్లాంటు నడవడం మొదలయ్యాక అసలు కథ సీసాల్లో ఉంటుంది. ఒకసారి ఒక ప్లాంటులో అవుట్‌లెట్ నీళ్లు కంటికి తేటగా కనిపిస్తున్నాయి, ల్యాబ్ రిపోర్టులో మాత్రం తేలియాడే ఘనపదార్థాలు హద్దుకు రెట్టింపు వస్తున్నాయి. ప్రాసెస్ ఇంజనీరు బురద అడుగుకు దిగే ట్యాంకు, అంటే క్లారిఫయరు మీద అనుమానంతో నెల రోజులు తలపట్టుకున్నాడు. నేను వెళ్లి శాంపిల్ తీసే అబ్బాయి పక్కన నిలబడ్డాను. తాడు కట్టిన మగ్గును కాలువలోకి వదిలాడు. అది దిగుతూ గోడకు రాసుకుంది. గోడంతా పచ్చటి నాచు. రేకులు రేకులుగా ఊడి మగ్గులో పడింది. ఆ నీళ్లే సీసాలోకి, సీసా ల్యాబ్‌కి. గొట్టం ముక్క ఒకటి ఇచ్చి ప్రవాహం మధ్య నుంచి తీయమన్నాం. మరుసటి రోజు నుంచే అంకెలు దారికొచ్చాయి. ఆ అబ్బాయి తప్పేమీ లేదు. ఎలా తియ్యాలో అతనికి ఎవరూ చూపించలేదు.

రోజుకొకసారి పదకొండింటికి తీసిన శాంపిల్ ఆ పదకొండు గంటల సంగతే చెబుతుంది. ఇళ్ల నుంచి వచ్చే మురుగు పొద్దున్నే పొంగుతుంది, అర్ధరాత్రి దాటాక పలచబడుతుంది. అందుకే 24 గంటల కాంపోజిట్, అంటే గంటగంటకూ తీసి కలిపిన శాంపిల్ తీసుకో, అదీ ప్రవాహం ఎక్కువున్న గంటలో ఎక్కువ, తక్కువున్న గంటలో తక్కువ కలిసేలా. అయితే అన్నిటికీ కాంపోజిట్ పనికిరాదు. నూనె, గ్రీజు డబ్బా గోడలకు అంటుకుపోతాయి కాబట్టి గాజు సీసాలో విడిగా ఒకే శాంపిల్ తియ్యాలి. పీహెచ్, ఉష్ణోగ్రత, కరిగిన ఆక్సిజన్, మిగిలిన క్లోరిన్ అక్కడికక్కడే కొలవాలి. కోలిఫామ్ బ్యాక్టీరియా పరీక్షకు స్టెరైల్ సీసా, అందులో క్లోరిన్‌ను పోగొట్టే సోడియం థయోసల్ఫేట్ వేసి ఉండాలి, ఆరు గంటల్లో ల్యాబ్ చేరాలి. సీవోడీ, అంటే మురికిని రసాయనాలతో ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్, కొలిచే శాంపిల్‌కు సల్ఫ్యూరిక్ ఆసిడ్ కలిపి పీహెచ్ 2 కన్నా దిగువకు తేవాలి. బీవోడీకి ఆసిడ్ వద్దు, 4 డిగ్రీల చల్లదనం చాలు. ఇంకో కిటుకు విను. క్లోరిన్ కలిపిన తర్వాత తీసిన నీళ్లలో సూక్ష్మజీవులు చచ్చి ఉంటాయి. క్లోరిన్ పోగొట్టి మళ్లీ సీడ్, అంటే బతికున్న సూక్ష్మజీవులను, వెయ్యకుండా పరీక్షిస్తే బీవోడీ చాలా తక్కువ వస్తుంది. ఆ రిపోర్టు చూసి అందరూ సంతోషిస్తారు. నీళ్లు మాత్రం శుభ్రపడలేదు. ల్యాబ్‌ను ఈ ప్రశ్న తప్పకుండా అడుగు.

ప్రతి పది సీసాలకూ ఒక డూప్లికేటు, ఒక ఖాళీ సీసా, అంటే స్వచ్ఛమైన నీళ్లు పోసినది, కలిపి పంపు. ల్యాబ్‌కు ఏది ఏదో చెప్పకు. ఖాళీ సీసాలో అమ్మోనియా కనిపిస్తే ఆ రోజు ఫలితాలన్నీ పక్కన పెట్టాల్సిందే.

ప్రవాహం మీటరును ఎవరూ అనుమానించరు. అందుకే నువ్వు అనుమానించు. వీ-నాచ్, అంటే కాలువకు అడ్డంగా పెట్టిన పలకలోని V ఆకారపు గాటు, దాని మీద ప్రవాహం నీటి ఎత్తుకు 2.5 ఘాతంలో పెరుగుతుంది. 20 సెంటీమీటర్ల ఎత్తులో ఒక్క సెంటీమీటరు తప్పు చదివితే ప్రవాహంలో సుమారు 13 శాతం తేడా వస్తుంది. నాచ్ అంచున చెత్త చిక్కుకుందేమో చూడు, స్కేలు సున్నా సరిగ్గా నాచ్ అడుగుతో సమంగా ఉందేమో చూడు. ప్రవాహం తప్పయితే నదిలోకి వెళ్లే కాలుష్య భారం లెక్కంతా తప్పే.

ఇక ఆడిట్. చెక్‌లిస్టు పట్టుకుని టిక్కులు పెట్టుకుంటూ పోతే తూతూమంత్రంగా అయిపోతుంది. ఒక అంకెను ఇంకో అంకెతో ఢీకొట్టి చూడు. ఉదాహరణకు రోజుకు కోటి లీటర్ల ప్లాంటు అనుకో. లోపలికి వచ్చే బీవోడీ లీటరుకు 200 మిల్లీగ్రాములు, బయటకు పోయేది 20 అని రాశారు. అంటే రోజుకు 1,800 కిలోలు తొలగించారన్నమాట. గాలి ఊది, సూక్ష్మజీవుల బురదతో మురికిని తినిపించే మామూలు యాక్టివేటెడ్ స్లడ్జ్ ప్లాంటులో కిలో బీవోడీకి సుమారు అరకిలో పొడి బురద పుడుతుంది. అంటే రోజుకు దాదాపు 900 కిలోలు. అది నీళ్లు పిండాక 20 శాతం ఘనపదార్థమున్న కేకుగా బయటికి వస్తే రోజుకు నాలుగున్నర టన్నులు. ఇప్పుడు గేటు రిజిస్టరు తెరిచి బురద లారీలు ఎన్ని వెళ్లాయో చూడు. వారానికి ఒకే చిన్న లారీ వెళ్లినట్టుంటే మిగతా బురద ఎక్కడికి పోయింది? చాలాసార్లు అది రాత్రిపూట అవుట్‌లెట్ కాలువలోనే పోతూ ఉంటుంది. కరెంటు బిల్లు కూడా ఇలాగే మాట్లాడుతుంది. ప్లాంటు కరెంటులో సగం దాకా ట్యాంకులోకి గాలి ఊదే బ్లోయర్లకే పోతుంది. లాగ్‌బుక్ ప్రకారం బ్లోయర్లు రాత్రంతా తిరిగితే మీటరులోనూ అది కనిపించాలి. బీవోడీ ఎప్పుడైనా సీవోడీ కన్నా ఎక్కువ వస్తే ఇక ఆలోచించక్కర్లేదు, ఆ రిపోర్టు తప్పు.

లాగ్‌బుక్ చదవడం కూడా ఒక విద్యే. ఒక ప్లాంటులో నెల రోజుల రీడింగులు ఒకే పెన్నుతో, ఒకే వాలుతో రాసి ఉన్నాయి. రాత్రి రెండింటివీ మధ్యాహ్నం రెండింటివీ ఒకేలా. ఆ గాలి ఊదే ఏరేషన్ ట్యాంకు పక్కన ఉండే పుస్తకానికి ఒక్క నీటి మరక లేదు, ఒక్క గ్రీజు వేలిముద్ర లేదు. కరెంటు పోయి బ్లోయర్లు ఆగిన రాత్రి కూడా ట్యాంకులో ఆక్సిజన్ 2.1 అని ఉంది. రాసినతన్ని పక్కకు పిలిచి నెమ్మదిగా అడిగాను. ఆక్సిజన్ కొలిచే ప్రోబు పాడై రెండు నెలలైందట. కొత్తది కావాలని మూడుసార్లు రాసిచ్చాడు. ఎవరూ పట్టించుకోలేదు, గడి మాత్రం ఖాళీగా ఉండకూడదన్నారు. నేను రిపోర్టులో ఆపరేటరు తప్పు అని రాయలేదు. రెండు నెలలుగా కొలిచే సాధనం లేదు, అడిగినా ఇవ్వలేదు అని రాశాను, అతని మూడు లేఖల తేదీలతో సహా. వారంలో ప్రోబు వచ్చింది. ఆడిటరంటే తప్పు పట్టడానికి వచ్చినవాడని భయపడితే నీకు ఎవరూ నిజం చెప్పరు తల్లీ. ఆ భయం పోగొట్టడం నీ చేతిలోనే ఉంది.

నీ చేత్తో నువ్వు రోజూ చేసుకోగల పరీక్ష ఒకటుంది. లీటరు సిలిండరులో ఏరేషన్ ట్యాంకు నీళ్లు పట్టి అరగంట కదపకుండా ఉంచు. బురద 300 మిల్లీలీటర్ల దగ్గర ఆగి, ఎంఎల్ఎస్ఎస్, అంటే ఆ ట్యాంకు లీటరు నీళ్లలో ఉన్న బురద పొడి బరువు, 3,000 మిల్లీగ్రాములు ఉంటే ఎస్‌వీఐ, అంటే గ్రాము బురద దిగాక పట్టే చోటు, 100 మిల్లీలీటర్లు, మంచి ఆరోగ్యం. 150 దాటి పెరుగుతూ పోతుంటే బురద సరిగా దిగడం లేదు, ఇంకొన్నాళ్లలో క్లారిఫయరు దాటి నదిలోకి పోతుందన్నమాట. పైన తేరుకున్న నీళ్ల రంగు, బురద అంచు, వాసన చూసి పాత ఆపరేటర్లు ల్యాబ్ కన్నా ముందే చెప్పేస్తారు. వాళ్ల పక్కన నిలబడి నేర్చుకో.

హద్దుల్లో ఉన్నాం కాబట్టి నదికి ఏ హానీ లేదనుకోవద్దు. లీటరుకు బీవోడీ 20, తేలియాడే ఘనపదార్థాలు 30 మిల్లీగ్రాములు అనే పాత కొలమానం బ్రిటన్‌లోని రాయల్ కమిషన్ 1912లో ఇచ్చింది. దాన్ని పెట్టినప్పుడు నదిలో కనీసం ఎనిమిది రెట్ల శుభ్రమైన నీళ్లు కలుస్తాయని లెక్కవేసుకున్నారు. అంకె మిగిలింది, ఆ షరతు చాలామంది మరిచిపోయారు. నీళ్లు తగ్గిన నెలల్లో మీ నదిలో ఎంత ప్రవాహం మిగులుతుందో కనుక్కో. పైగా వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ పడుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9.1 మిల్లీగ్రాములు కరిగితే 30 దగ్గర 7.5 మాత్రమే. చేపలు చచ్చేది ఆ రోజుల్లోనే, తెల్లవారుజామున. అప్పుడే వెళ్లి కొలువు.

వాసన గురించి చుట్టుపక్కలవాళ్లు ఫిర్యాదు చేస్తే మీటరు చూపించి తిప్పి పంపకు. కుళ్లిన గుడ్ల వాసన కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును మనిషి ముక్కు చాలా మీటర్ల కన్నా తక్కువ మోతాదులోనే పసిగడుతుంది. ఫిర్యాదు వచ్చిన గంట, గాలి దిశ, ఆ వేళ ప్లాంటులో ఏ పని నడుస్తోందో ఒకే పేజీలో రాసుకుంటూ పో. రెండు నెలల్లో మూలం తెలిసిపోతుంది. బురద పిండే మెషీను నడిపే వేళో, ఇన్‌లెట్ చాంబరు మూత తెరిచే వేళో అయివుంటుంది.

అదే వాయువు నీ ప్రాణానికీ ముప్పు. 100 పీపీఎం, అంటే గాలిలో పది లక్షల్లో వంద వంతుల దగ్గర ముక్కు మొద్దుబారుతుంది, వాసన పోయింది కదా అని లోపలికి దిగినవాళ్లు తిరిగి రాలేదు. అది గాలికన్నా బరువు, అడుగున పేరుకుంటుంది. ఎంత చిన్న శాంపిల్ కోసమైనా సంప్‌లోకి, మ్యాన్‌హోల్‌లోకి దిగకు. పైనుంచి తీసే దారి వెతుకు. ఎవరైనా లోపల పడిపోతే కాపాడాలని వెంట దూకకు, అలా దూకినవాళ్లూ ఎంతోమంది పోయారు. గాలి పరీక్ష, హార్నెస్, పైన మనిషి లేకుండా ఎవరినీ దిగనివ్వకు. ఈ ఒక్క విషయంలో నువ్వు కేకలేసినా ఎవరూ తప్పు పట్టరు.

రిపోర్టులో హద్దు దాటిన రోజులను మొదటి పేజీలోనే పెట్టు, కారణం తేలకపోతే తేలలేదనే రాయి. సగటు లెక్కల్లో వాటిని కలిపేసి కనిపించకుండా చెయ్యమని అడుగుతారు. అప్పుడు నాకు ఫోన్ చెయ్యి.

తవ్వకం ఏ తేదీన మొదలుపెడుతున్నారో కనుక్కుని వెంటనే రాయి. ఈలోగా నువ్వు అనుకున్న స్థానాలు పటం మీద గుర్తుపెట్టి పంపితే, ఎగువ స్థానం సరిగ్గా పడిందో లేదో చూసి చెబుతాను.

మీ బాబాయి